వారానికొక పెన్నీ

మా బడి హాజరుపట్టీలో జాన్ వెస్లీలు ఇద్దరుండేవారు. తికమక పడకుండా మాస్టారు వారిని ఇంటిపేర్లతో పిలిచేవారు. ఒకసారి వారిలో ఒకణ్ణి "ఈ పేరెవరిదిరా?" అని అడిగాను. "ఎవరో పాదిరీదంట, మా తాత పెట్టిండు" అన్నాడు. అంతకుమించి వాడికీ తెలియదు, నాకూ తెలియదు. తెలుగునాట కొన్ని తరాలుగా ఇంతమంది బిడ్డలకు పేరైన ఆ పాదిరీ ఇంగ్లాండులో 1703లో పుట్టి 1791లో పోయాడనీ, భారతదేశంలో ఏనాడూ అడుగు పెట్టలేదనీ చాలా ఏళ్ళ తరువాత చదివి తెలుసుకున్నాను.

జాన్ వెస్లీ మెథడిజానికి ఆద్యుడు. ఈ టపా ఆయన జీవితచరిత్ర కాదు. నేను వేదాంతిని కాను కనుక, ఆయన బోధించిన రక్షణ సిద్ధాంతంలోని మంచిచెడ్డలు తేల్చే సాహసమూ చేయను. ఆయనను గురించి చదివిన మీదట నాలో స్థిరపడిన ఒక అభిప్రాయాన్ని మాత్రం మిత్రుల ముందుంచుతున్నాను.

వెస్లీని గురించి వ్రాసేవారిలో చాలామంది 1738 మే 24 దగ్గర ఆగుతారు. ఆ సాయంత్రం లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన ఒక చిన్న కూటంలో ఎవరో లూథర్ వ్రాసిన పీఠికను చదువుతుండగా, తన హృదయం వింతగా వెచ్చబడిందని ఆయన దినచర్యలో వ్రాసుకున్నాడు. మెథడిస్టులకు అది పండుగ రోజు. కాదనను. కాని నా దృష్టిలో ఆయన జీవితంలో అంతకన్నా ముఖ్యమైన రోజు 1742 ఫిబ్రవరిలో బ్రిస్టల్‌లో వచ్చింది. ఆ రోజు ఎవరి హృదయమూ వెచ్చబడలేదు. ఒక అప్పు ఎలా తీర్చాలా అని కొందరు కూర్చుని ఆలోచించారు, అంతే.

ఆ సంగతికి రావడానికి ముందు, అప్పు అనే మాటకు ఆ కుటుంబంలో ఉన్న బరువు తెలియాలి.

తండ్రి శామ్యూల్ వెస్లీ లింకన్‌షైర్‌లో ఎప్‌వర్త్ అనే ఊరికి పాదిరీ. పండితుడు, కవి, సంసారం ఈదలేని గృహస్థు. 1705లో, జాన్‌కు రెండేళ్ళు నిండే నాటికి, ఆయన బాకీ తీర్చలేక లింకన్ కోటలోని కారాగారం పాలయ్యాడు. తల్లి సుసన్నా పంతొమ్మిదిమందిని కని, దాదాపు సగం మందిని పసితనంలోనే పోగొట్టుకున్న ఇల్లాలు. 1709లో ఒక రాత్రి ఆ ఇల్లు తగలబడింది. అందరూ బయటపడ్డాక, మేడమీద కిటికీలో ఐదేళ్ళ జాన్ కనిపించాడు. నిచ్చెన తెచ్చే వ్యవధి లేదు. ఒకడి భుజాలమీద మరొకడు నిలబడి వాణ్ణి కిందికి దించారు. తాను మంటల్లోంచి లాగిన కొరవినని ఆయన జీవితాంతం తలుచుకున్నాడు. ఆ రాత్రిని గురించి చెప్పేవారు దైవకృపను చూస్తారు. నాకు మాత్రం ఆ భుజాలు కూడా కనిపిస్తాయి.

ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1726లో అక్కడి లింకన్ కళాశాలకు ఫెలో అయ్యాడు. తమ్ముడు చార్లెస్, మరికొందరు మిత్రులతో కలిసి క్రమం తప్పని చదువు, ప్రార్థన, ఉపవాసం ఆచరించేవాడు. వాళ్ళ పద్ధతులు చూసి తోటి విద్యార్థులు 'మెథడిస్టులు' అని ఎగతాళి చేశారు. వెక్కిరింపుగా పుట్టిన పేరే చివరకు బిరుదయింది. ఆ బృందం చేసిన పనుల్లో ఒకటి కారాగారాలకు వెళ్ళడం. అక్కడ దొంగలతోపాటు అప్పు తీర్చలేని బీదలుండేవారు. కన్నతండ్రి అదే నేరానికి లోపల కూర్చున్నవాడని ఎరిగిన కొడుకు వాళ్ళను చూడబోవడంలో వింత లేదు.

ఆ రోజుల ఖర్చు లెక్క ఒకటి ఆయన ముసలితనంలో ఒక ప్రసంగంలో చెప్పాడు. తన పేరు చెప్పకుండా, ఆనాటి మెథడిస్టు యువకుడొకడు అన్నాడు గాని, అది తన కథేనని అందరూ ఎరుగుదురు. మొదటి ఏడు ముప్ఫై పౌన్లు వస్తే ఇరవై ఎనిమిదితో బ్రతికి రెండు దానం చేశాడు. మరుసటి ఏడు అరవై వచ్చాయి. అప్పుడూ ఇరవై ఎనిమిదితోనే బ్రతికాడు. తరువాత తొంభై, ఆపై నూటఇరవై. ఇంటి ఖర్చు మాత్రం ఇరవై ఎనిమిది దాటలేదు. రాబడి పెరిగితే పెరగవలసింది జీవనం కాదు, దానం అని ఆయన నమ్మకం. నమ్మేవారు చాలామంది ఉంటారు. లెక్క వ్రాసి పెట్టేవారు తక్కువ.

ఇంత నిష్ఠాపరుడూ మొదట ఘోరంగా ఓడిపోయాడు. 1735లో అమెరికాలోని జార్జియా వలసకు మతబోధకుడిగా వెళ్ళి, తాను మనసుపడిన అమ్మాయి వేరొకరిని పెళ్ళాడితే ఆమెకు ప్రభు సంస్కారం నిరాకరించి, కోర్టు గొడవల్లో ఇరుక్కుని, 1737 చివర్లో రాత్రివేళ తప్పించుకుని తిరుగు ఓడ ఎక్కాడు. ఆల్డర్స్‌గేట్ అనుభవం ఈ పరాభవం తరువాతిది.

మరుసటి ఏడు, 1739 ఏప్రిల్‌లో, మిత్రుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ చూపిన దారిలో బ్రిస్టల్ శివార్లలో ఆరుబయట నిలబడి ప్రసంగించాడు. ఆక్స్‌ఫర్డ్ పండితుడికి, గుడి గోడల మధ్య తప్ప ప్రార్థన చేయరాదనుకునే ఆచారపరుడికి, అది పరువు పోయే పని. ఆ సంగతి తానే ఒప్పుకున్నాడు. దగ్గరలోని కింగ్స్‌వుడ్‌లో బొగ్గుగని కూలీలు వేలల్లో ఉండేవారు. వాళ్ళకొక గుడి లేదు, వాళ్ళను లోకం మనుషుల్లో జమకట్టలేదు. ఆయన వారి దగ్గరకే వెళ్ళాడు. తన పరగణా కాని చోట ఎందుకు బోధిస్తున్నావని అడిగినవారికి, లోకమంతా తన పరగణాయేనని జవాబిచ్చాడు. 1742లో స్వగ్రామం ఎప్‌వర్త్‌లో గుడిలో మాట్లాడనివ్వకపోతే, పెరట్లోని తండ్రి సమాధి రాతిమీద నిలబడి మాట్లాడాడు.

ఇప్పుడు అసలు సంగతి. బ్రిస్టల్‌లో 1739లోనే కూటాల కోసం 'న్యూ రూమ్' అనే భవనం కట్టారు. అప్పు మిగిలింది. 1742 ఫిబ్రవరిలో ఆ అప్పు తీర్చే దారి వెతుకుతూ కూర్చున్నప్పుడు, ఫోయ్ అనే నావికుడొకడు ఒక ఉపాయం చెప్పాడు. సభ్యులందరూ వారానికొక పెన్నీ ఇవ్వాలి. ఆనాటి షిల్లింగుకు పన్నెండు పెన్నీలు, పౌనుకు రెండువందల నలభై. అది కూడా ఇవ్వలేనివారు చాలామంది ఉన్నారు కదా అని ఎవరో అన్నారు. అందరికంటె బీదవాళ్ళు పదకొండుమందిని నా వంతుకు వేయండి, వారం వారం వాళ్ళను చూసి వస్తాను, ఇవ్వలేనివాళ్ళది నేనే వేస్తాను అన్నాడతడు. మిగిలినవాళ్ళూ అలాగే తలా పదకొండుమందిని పంచుకున్నారు.

వసూలుకు వెళ్ళినవారు ఊరికే పెన్నీలతో తిరిగి రాలేదు. ఫలానా ఇంట్లో మగవాడు తాగి పెళ్ళాన్ని కొడుతున్నాడు, ఫలానా ఇంట్లో పసివాడికి జ్వరం, ఫలానావాడికి మూడు వారాలుగా పని లేదు అని కబుర్లు తెచ్చారు. తాను ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నది ఇదేనని వెస్లీ గుర్తించాడు. ఇల్లిల్లూ తిరగడానికి బదులు పన్నెండుమందీ వారానికొకసారి ఒకచోట చేరే ఏర్పాటు జరిగింది. దానికి 'క్లాస్' అని పేరు. దాని పెద్దగా చెప్పులు కుట్టేవాడుండవచ్చు, నేతగాడుండవచ్చు, స్త్రీ ఉండవచ్చు. పన్నెండుమందిలో ఈ వారం ఎవరెలా ఉన్నారో ఆ పెద్దకు తెలియాలి. అంతవరకు తన మాట ఎవరూ వినని మనిషి అక్కడ నోరు విప్పి తన వారం ఎలా గడిచిందో చెప్పాలి. లెక్క వ్రాయడం, నలుగురిలో మాట్లాడడం, ఒకరి బాధ్యత తలకెత్తుకోవడం ఆ చిన్న గదుల్లో జనం నేర్చుకున్నారు.

వైట్‌ఫీల్డ్ వెస్లీ కంటె గొప్ప వక్త అని ఆనాటివారే అన్నారు. కాని వెస్లీ కట్టిన సంఘం వంటిది వైట్‌ఫీల్డ్ వెనుక మిగలలేదు. ప్రసంగం విని ఏడ్చినవాడు ఇంటికెళ్ళాక ఏమవుతాడన్న ప్రశ్నకు వెస్లీ దగ్గర జవాబుంది. ఆ జవాబు విలువ ఒక పెన్నీ.

ఆ తరువాత చేసినవన్నీ ఈ ధోరణిలోనివే. 1746లో బీదలకు వడ్డీలేని చిన్న అప్పులిచ్చే నిధి పెట్టాడు. ఒక మనిషికి ఇరవై షిల్లింగులు మించి ఇవ్వరు, మూడు నెలల్లో వారం వారం తీర్చాలి. ముప్ఫై పౌన్ల పదహారు షిల్లింగులతో మొదలైన ఆ నిధి ఏడాదిన్నరలో 255 మందిని ఆదుకుందని ఆయన దినచర్యలో లెక్క ఉంది. తరువాతి కాలంలో అప్పు పరిమితి పెరిగింది. జేమ్స్ లాకింగ్టన్ అనే చెప్పులు కుట్టే యువకుడు ఐదు పౌన్ల అప్పుతో తన పాత పుస్తకాల కొట్టును పెంచుకుని, చివరకు లండన్‌లోని పెద్ద పుస్తక వ్యాపారుల్లో ఒకడయ్యాడు. అదే 1746లో ఆయన ఉచిత మందుల శాల తెరిచాడు. 1747లో వైద్యుడికి డబ్బివ్వలేనివారి కోసం చిట్కాల పుస్తకం అచ్చు వేశాడు. బట్టతలకు ఉల్లిపాయ రుద్ది తేనె రాయమనే ఆ పుస్తకం ఇప్పుడు చదివితే మన పెద్దబాలశిక్ష నాటి ఇంటివైద్యం గుర్తొచ్చి నవ్వొస్తుంది. కాని అది ఆయన జీవితకాలంలోనే ఇరవై సార్లకు పైగా అచ్చయింది. పెద్ద గ్రంథాలను కుదించి, కూలివాడు కొనగల ధరకు అమ్మాడు. అలా వచ్చిన డబ్బంతా పంచేశాడు. 1776లో వెండిసామాను మీద పన్ను వసూలు చేసేవారు మీ దగ్గరున్న వెండి చెప్పమని ఉత్తరం వ్రాస్తే, లండన్‌లో రెండు చెంచాలు, బ్రిస్టల్‌లో రెండు చెంచాలు ఉన్నాయనీ, చుట్టూ ఇంతమందికి తిండి లేనప్పుడు ఇంకేమీ కొననని జవాబు వ్రాశాడు. 1785 జనవరిలో, ఎనభై ఒకటో ఏట, మడమలోతు కరిగిన మంచులో నాలుగైదు రోజులు లండన్ వీధుల్లో తిరిగి, బీదల బట్టల కోసం రెండువందల పౌన్లు బిచ్చమెత్తాడు.

ఇంతవరకు వ్రాసింది చూసి నేను స్తోత్రపాఠం చదువుతున్నానని మిత్రులు అనుకోవచ్చు. ఆయనలో నచ్చనివి చాలా ఉన్నాయి. కింగ్స్‌వుడ్‌లో 1748లో పెట్టిన బడిలో పిల్లలు తెల్లవారి నాలుగింటికి లేవాలి, ఆటలు నిషిద్ధం. పసివాడికి ఆట ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. 1751లో పెళ్ళాడిన మేరీ వజీల్‌తో కాపురం నరకమయింది. ఏడాదికి వేల మైళ్ళు గుర్రంమీద తిరిగే మనిషి మంచి భర్త ఎలా అవుతాడు? 1781లో ఆమె చనిపోతే, పూడ్చిపెట్టిన రోజు ఆయన లండన్ చేరినా ఆ సంగతి ఆయనకు తరువాతగాని తెలియలేదు. కేథలిక్కుల విషయంలో ఆయన మనసు విశాలం కాదు. 1775లో అమెరికా వలసలవారిని మందలిస్తూ రాజు పక్షాన కరపత్రం వ్రాశాడు. తన సంఘంలో సభ్యులకు ఓటు లేదు, మాట ఆయనదే.

అన్నిటికంటె పెద్ద అభియోగం చరిత్రకారుడు ఈ.పీ. థాంప్సన్‌ది. ఆంగ్ల కార్మికవర్గం రూపొందిన తీరుపై 1963లో వెలువడిన తన మహాగ్రంథంలో ఆయన మెథడిజాన్ని నిర్దాక్షిణ్యంగా చీల్చి చెండాడాడు. యంత్రశాలల యజమానులకు కావలసిన వేళకు లేచే, తాగని, తిరగబడని కూలీని తయారుచేసి ఇచ్చింది ఈ మతమేనని ఆయన వాదం. ఈ థాంప్సన్ ఎవరో కాదు. బెంగాల్‌లోని బాంకురాలో మెథడిస్టు మిషనరీగా పనిచేసి, టాగోర్‌పై గ్రంథం వ్రాసిన ఎడ్వర్డ్ థాంప్సన్ కొడుకు. చదువుకున్నది వెస్లీ పెట్టిన ఆ కింగ్స్‌వుడ్ బడిలోనే. ఇంటివాడి ఫిర్యాదును తేలికగా తోసెయ్యలేం.

ఫిర్యాదులో నిజముంది. వెస్లీ తరువాత సంఘానికి పెద్ద అయిన జాబెజ్ బంటింగ్ వంటివారు కార్మికుల ఆందోళనలను ఏవగించుకున్నారు. అయితే 1834లో టోల్‌పడల్ గ్రామంలో కూలి తగ్గిస్తే సంఘం పెట్టుకున్నందుకు ఆస్ట్రేలియాకు ప్రవాసశిక్ష పడిన ఆరుగురు వ్యవసాయ కూలీలకు నాయకుడు జార్జ్ లవ్‌లెస్. అతడు మెథడిస్టు బోధకుడు. ఆరుగురిలో ఐదుగురు మెథడిస్టులే. సభ జరపడం, చందా వసూలు చేయడం, పన్నెండుమంది ముందు నిలబడి మాట్లాడడం వాళ్ళకెవరు నేర్పారు? వెస్లీ విధేయత బోధించాడు, సరే. కాని ఆయన చేతికిచ్చిన పనిముట్టు ఆయన బోధకన్నా దూరం వెళ్ళింది. నలుగురు కూడి ఒక్కొక్క పెన్నీ వేసుకోవడం వచ్చినవాడిని ఎల్లకాలం తలవంచుకుని ఉండమంటే ఉండడు.

నేను ఆయనను గౌరవించడానికి అసలు కారణం ఇంకొకటి. ఆయన తన విజయాన్ని తానే శంకించాడు. 1786లో, సంఘం నలుదిక్కులా వర్ధిల్లుతున్న వేళ, మెథడిస్టులు ఉండకుండా పోతారని తనకు భయం లేదనీ, ఆకారం మిగిలి ప్రాణం పోయిన శాఖగా ఉండిపోతారేమోనన్నదే తన భయమనీ వ్రాశాడు. కారణం కూడా చెప్పాడు. భక్తి కష్టపడడం, పొదుపు చేయడం నేర్పుతుంది. కష్టమూ పొదుపూ డబ్బు తెస్తాయి. డబ్బు గర్వం తెస్తుంది, భక్తి పోతుంది. ఈ చక్రం తెగాలంటే, సంపాదించి దాచినవాడు దాచినదంతా ఇచ్చెయ్యాలి, అంతకు మించి దారి లేదన్నాడు. తరువాత మాక్స్ వెబర్ పెట్టుబడిదారీ విధానపు పుట్టుకను గురించి వ్రాస్తూ ఈ మాటలనే సాక్ష్యానికి పిలిచాడు. సంపాదించమన్న ఉపదేశం, దాచమన్న ఉపదేశం ఆయన శిష్యులకు బాగా తలకెక్కాయి. ఇచ్చెయ్యమన్నది ఎక్కలేదని ఆయన చివరి ఏళ్ళ ప్రసంగాలన్నీ మొత్తుకుంటున్నాయి.

ఆయన శంకించింది జరిగింది. 1774లో ఆయన బానిసవ్యాపారాన్ని తూర్పారబడుతూ పుస్తకం వ్రాశాడు. 1791 ఫిబ్రవరి 24న, మరణానికి ఆరు రోజుల ముందు, ఆ వ్యాపారం రద్దుకై పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌ను వెనుదీయవద్దని ప్రోత్సహిస్తూ ఉత్తరం వ్రాశాడు. దానికి ముందు ఆయన చదివినది ఒకనాడు బానిసగా అమ్ముడుపోయిన ఈక్వియానో పుస్తకం. అమెరికాలో ఆయన అనుచరులు 1784లో బానిసలను ఉంచుకోరాదని కట్టడి చేసి, ఏడాది తిరక్కుండానే దానిని పక్కన పెట్టారు. 1844లో ఒక బిషప్పుకు బానిసలుండవచ్చా లేదా అన్న తగవుతో సంఘం రెండుగా చీలింది. 1939లో మళ్ళీ కలిసినప్పుడు నల్లవారిని వేరే విభాగంలో కూర్చోబెట్టారు. ఆ విభాగం రద్దవడానికి 1968 రావలసి వచ్చింది. స్త్రీలు బోధించడాన్ని వెస్లీ తన చివరి కాలంలో, జంకుతూనే, అంగీకరించాడు. ఆయన పోయిన పన్నెండేళ్ళకే, 1803లో, ఇంగ్లాండులోని సంఘం వాళ్ళ నోటికి తాళం వేసినంత పని చేసింది. గురువు పేరు పెట్టుకోవడం సులువు. ఆయన లెక్కపుస్తకాన్ని కొనసాగించడం కష్టం.

ఆ పేరు మన ప్రాంతానికి పందొమ్మిదో శతాబ్ది చివర్లో వచ్చింది. ఇంగ్లాండు నుంచి వచ్చిన వెస్లియన్ మిషనరీలు సికింద్రాబాదు, మెదక్ చుట్టుపట్ల మాల, మాదిగ పల్లెల్లో పనిచేశారు. మెదక్‌లోని మహామందిరం ఛార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో కట్టినది. 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరవు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని ఆ కట్టడం సాగించారని చెబుతారు. 1947లో ఆ సంఘం దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోయింది. వెస్లియన్ అన్న మాట బోర్డుల మీదినుంచి పోయింది గాని, పిల్లల పేర్లలో నిలిచింది. ఆ మందిరం దగ్గర నిలబడి తలెత్తి చూసినప్పుడు దాని గోపురం నన్నూ నిశ్చేష్టుణ్ణి చేసింది. అయినా వెస్లీ స్మారకమేదని నన్నడిగితే గోపురాన్ని చూపను. కరవులో ఒక కూలీకి ముట్టిన గింజల లెక్క ఎక్కడైనా వ్రాసి ఉంటే, దాన్ని చూపుతాను.

తన శవాన్ని ఆరుగురు బీదవాళ్ళు మోయాలనీ, ఒక్కొక్కరికి ఇరవై షిల్లింగులివ్వాలనీ, బండ్లూ ఆర్భాటమూ కూడదనీ ఆయన వీలునామా వ్రాశాడు. ఇరవై షిల్లింగులు! తన నిధిలో ఒక బీదవాడికి ఒకసారి ఇచ్చే అప్పు మొత్తం అదే. తేడా అల్లా ఇది తీర్చనక్కరలేదు. అంతకు ముందు 1790 జూలైలో, వణికే చేత్తో, తన ఖర్చుల పుస్తకంలో చివరి మాట వ్రాశాడు. ఇక లెక్కలు వ్రాయననీ, దాచగలిగినదంతా దాచి ఇవ్వగలిగినదంతా ఇస్తున్నానన్న తృప్తి చాలుననీ దాని సారాంశం.

నాతో చదివిన ఆ జాన్ వెస్లీలిద్దరూ ఇప్పుడెక్కడున్నారో తెలియదు. ఎప్పుడైనా ఎదురుపడితే, ఈ పేరెవరిదో అప్పుడు మనకు తెలియలేదు గదా అని, ఈ ఖర్చుల పుస్తకం సంగతి చెప్పాలని ఉంది.